ఈ20 పెట్రోలు: వానల్లో బైకు, తోటలో స్ప్రేయరు పాడవకుండా

ఇప్పుడు బంకులో మామూలు పెట్రోలంటే ఈ20. లీటరులో 200 మి.లీ. దాకా ఇథనాల్ ఉంటుంది. చెరకు, నూకలు, మొక్కజొన్న నుంచి తీసే స్పిరిట్టే అది. 2022 జూన్ నాటికి పది శాతం కలిపేవారు. 2023 ఫిబ్రవరిలో కొన్ని బంకుల్లో మొదలైన ఈ20, 2025 కల్లా దేశమంతా వచ్చేసింది. రోజూ తిరిగే బండికి దీంతో పెద్ద గొడవ లేదు. గొడవంతా నీళ్ళు చేరినప్పుడు, నెలల తరబడి మూల పడేసినప్పుడు. కళింగపట్నం నుంచి బారువ దాకా ఉప్పుగాలి, అక్టోబరులో తుఫాన్లు, ఉద్దానం తోటల్లో ఏడాదికి మూడు నెలలే పనిచేసే మిషన్లు ఉన్న శ్రీకాకుళం జిల్లాలో ఈ రెండూ తప్పవు.

ముందు నీళ్ళ సంగతి. ఇథనాలు గాలిలో తేమను పీల్చడంతో ట్యాంకులో నీళ్ళు నిండిపోతాయని అంటారు గానీ, మూత బాగున్న ట్యాంకులో అది చాలా నెమ్మదిగా జరిగే పని. అసలు దారి ట్యాంకు మూత. మూత చుట్టూ ఉన్న గాడిలో వాన నీళ్ళు నిలుస్తాయి. అవి కిందకి పోవడానికి గాడిలో ఒక సన్నటి రంధ్రం, దాని నుంచి ఇంజను కింద దాకా ఒక చిన్న గొట్టం ఉంటాయి. దుమ్ము, తుప్పు చేరి ఆ రంధ్రం మూసుకుపోతే, నిలిచిన నీళ్ళు రబ్బరు రింగు దాటి ట్యాంకులోకి దిగుతాయి. వాటర్ సర్వీసింగులో ప్రెషర్ గన్ను మూత మీద పెట్టినా ఇంతే. జూన్‌లో వానలు పడే ముందు మూత తెరిచి, ట్యాంకు నోట్లో పొడి గుడ్డ కుక్కి, పాత క్లచ్ వైరులోంచి ఒక పోగు లాగి ఆ రంధ్రంలో పొడవండి. తర్వాత సిరంజితో 10 మి.లీ. నీళ్ళు రంధ్రంలోకి వదిలితే బండి కింద బొట్లు పడాలి. పడకపోతే గొట్టం ఎక్కడో మడతపడింది. రబ్బరు రింగు గట్టిపడి గోరు దిగకపోతే మార్చేయండి.

పది శాతం ఇథనాల్ ఉన్న పెట్రోలు చల్లటి వాతావరణంలో లీటరుకు సుమారు 5 మి.లీ. నీళ్ళను తనలో కలుపుకుంటుంది. ఈ20 ఇంకొంచెం ఎక్కువే. ఆ హద్దు దాటితే ఇథనాలు, నీళ్ళు ఒకటై పెట్రోలును వదిలి అడుగుకి చేరతాయి. చల్లబడేకొద్దీ ఆ హద్దు తగ్గుతుంది. అందుకే సాయంత్రం బాగానే నడిచిన బండి తెల్లారి కిక్కులకు లొంగదు. అడుగున చేరేది మీరు పోసిన నీళ్ళంత కాదు, దానికన్నా చాలా ఎక్కువ, ఎందుకంటే ఇథనాలు కూడా దానితో దిగిపోతుంది. పైన మిగిలిన పెట్రోలుకు ఆక్టేన్, అంటే ఇంజను కొట్టుకోకుండా కాలే గుణం, పడిపోతుంది. అడుగుది పారబోసి పైది వాడేద్దామనుకుంటే ఇంజను టకటకా కొడుతుంది.

అనుమానం వస్తే ఇలా చూడండి. ఆరుబయట, పొయ్యికి దూరంగా, కార్బరేటరు కింద పెట్రోలు నిలిచే గిన్నె (ఫ్లోట్ బౌల్) అడుగున ఉన్న డ్రెయిన్ స్క్రూ వదులు చేసి 100 మి.లీ. గాజు సీసాలోకి పట్టి పది నిమిషాలు కదపకుండా ఉంచండి. మధ్యలో గీత కనిపిస్తే రెండుగా విడిపోయినట్టే. కార్బరేటరు లేని ఇంజెక్షన్ బండికి ఇది మెకానిక్ చేతే చేయించాలి, పైపులో ప్రెషరు ఉంటుంది. గీత కనిపిస్తే:

1. ట్యాంకు పూర్తిగా దించి, అర లీటరు తాజా పెట్రోలు పోసి, కుదిపి, అది కూడా దించేయండి.
2. ఫ్లోట్ బౌల్ విప్పి పైలట్ జెట్, మెయిన్ జెట్ (పెట్రోలు వెళ్ళే సన్నటి రంధ్రాలున్న ముక్కలు) ఊడదీసి గాలితో ఊదండి. సూదితో పొడవకండి, రంధ్రం పెద్దదవుతుంది. బౌల్‌లో తెల్లటి పొడి ఉంటే అది అల్యూమినియం, జింకు తినేసిన గుర్తు.
3. పెట్రోలు ఫిల్టరు మార్చండి.
4. తాజా పెట్రోలు రెండు లీటర్లు పోసి, ఇంజను వేడెక్కాక పది నిమిషాలు ఉంచి, మరోసారి సీసాలో చూడండి.

దించినది కాలువలోకో పొలంలోకో పారబోయకండి.

పెట్రోలులో ఇథనాలు ఎంతుందో ఇంట్లోనే తెలుసుకోవచ్చు. 100 మి.లీ. కొలజాడీ చాలు, ల్యాబు సామాన్లు అమ్మే దుకాణంలో దొరుకుతుంది. 20 మి.లీ. నీళ్ళలో ఒక చుక్క పెన్ను సిరా వేసి, పైన 80 మి.లీ. పెట్రోలు పోసి, మూత పెట్టి నిమిషం ఊపండి. మధ్యమధ్యలో మూత కొంచెం వదిలి గాలి పోనివ్వండి. పది నిమిషాలకు సిరా గీత 28 దగ్గర ఆగితే పది శాతం, 35, 36 దగ్గర ఆగితే ఇరవై. ఒకటో రెండో అటూఇటూ ఉంటుంది, నీళ్ళు, ఇథనాలు కలిస్తే పరిమాణం కాస్త కుంచించుకుపోతుంది. ఇలా ఇథనాలు కడిగేసి ఆ పెట్రోలు వాడదామన్న ఆలోచన మాత్రం వద్దు, పైన చెప్పిన ఆక్టేన్ కథే.

పాత కార్బరేటరు బండ్లకు ఇంకో విషయం. ఇథనాలులోనే ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి అదే జెట్‌తో గాలి, పెట్రోలు మిశ్రమం పలచబడుతుంది. వేడి, యాక్సిలరేటరు ఇస్తే తడబాటు, ప్లగ్గు తెల్లగా ఉండటం దీని లక్షణాలు. పది శాతం నుంచి ఇరవైకి వచ్చినప్పుడు సుమారు నాలుగు శాతం ఎక్కువ పెట్రోలు కావాలి. నంబరు రంధ్రం వ్యాసాన్ని చెప్పే జెట్ అయితే నాలుగు శాతం ప్రవాహానికి రెండు శాతం వ్యాసం చాలు, 90 నంబరు ఉన్నచోట 92 వేస్తే సరి. అంతకు మించి వెళితే మైలేజీ పోతుంది. ఐడిలింగ్‌కి స్క్రూ తిప్పేముందు అది ఎటువైపుందో చూడండి: ఎయిర్ ఫిల్టరు వైపుంటే బిగిస్తే మిశ్రమం చిక్కబడుతుంది, ఇంజను వైపుంటే వదులు చేస్తే చిక్కబడుతుంది. పావు చుట్టు చొప్పున తిప్పండి. ఆక్సిజన్ సెన్సరు ఉన్న ఇంజెక్షన్ బండ్లలో ఇదంతా అక్కర్లేదు. 2023 ఏప్రిల్‌కు ముందు కొన్న బండైతే పెట్రోలు పైపును క్లిప్పు దగ్గర నొక్కి చూడండి. జిగటగా, ఉబ్బినట్టుగా ఉన్నా, పగుళ్ళున్నా మార్చాల్సిందే. పైపు మీద ఎస్ఏఈ జె30 ఆర్9 అని ఉన్నది తీసుకోండి.

మైలేజీ మాటకొస్తే, లీటరుకు 60 ఇచ్చే బండికి పది శాతం నుంచి ఇరవైకి మారితే తగ్గేది రెండు కిలోమీటర్ల పైచిలుకు. పదిహేను తగ్గిందంటే బ్రేకు పట్టేసిందో, టైర్లలో గాలి లేదో చూసుకోండి. ఇథనాలును తిట్టడం సులువు.

జీడి తోటల తైవాన్ స్ప్రేయర్లు, గడ్డి కోసే మిషన్లకు ఇది మరీ ముఖ్యం. ఇవి టూ స్ట్రోకు, పెట్రోలులోనే ఆయిలు కలిపి నడిపేవి. మాన్యువల్‌లో 1:50 అని ఉంటే లీటరుకు 20 మి.లీ. 2టి ఆయిలు, 1:25 అయితే 40. రెండుగా విడిపోతే ఆయిలు పైన పెట్రోలులోనే ఉండిపోతుంది. అడుగున ఆయిలు లేని ఇథనాలు, నీళ్ళు ఇంజనులోకి వెళ్ళి పిస్టన్ గీసుకుపోతుంది. ఏ రోజు మందు ఆ రోజే కలిపినట్టు, పెట్రోలు కూడా ఆ రోజుకి సరిపడానే కలపండి. కోత అయ్యాక షెడ్డులో పెట్టే ముందు ట్యాంకు ఖాళీ చేసి, స్టార్ట్ చేసి ఆగిపోయేదాకా నడపండి, ప్రైమర్ బల్బు నొక్కుతూ మిగిలినది కూడా దించండి. ప్లగ్గు తీసి ఒక చెంచాడు 2టి ఆయిలు వేసి, తాడు రెండుసార్లు మెల్లగా లాగి ప్లగ్గు బిగించండి. తిత్లీ లాంటి తుఫాను వస్తే రోజుల తరబడి కరెంటు ఉండదని కొన్న చిన్న జనరేటరుకీ ట్యాంకు, బౌల్ ఖాళీగా ఉంచడమే మేలు. నెలకోసారి పెట్రోలు పోసి పావుగంట నడిపి మళ్ళీ దించేయండి. అత్యవసరానికి దాచే పెట్రోలు మెటల్ క్యానులో, దాదాపు నిండుగా, నీడలో పెట్టి, నెలకోసారి బైకులో పోసేసి కొత్తది పట్టుకోండి.

ఇక సీసాల్లో అమ్మే మందులు. స్టెబిలైజరు తాజా పెట్రోలుకే పనిచేస్తుంది, కలిపాక ఇంజను పది నిమిషాలు నడిపితేనే కార్బరేటరు దాకా చేరుతుంది. విడిపోయిన దాన్ని మళ్ళీ కలపదు. ఇంజెక్టరు క్లీనరు నిండు ట్యాంకుకి ఒక సీసా, అదీ సర్వీసుకి ముందు. ఆక్టేన్ బూస్టరు డబ్బులు దండగ, ఈ20కి కనీసం 95 ఆక్టేన్ ఉండాలని బీఐఎస్ ప్రమాణమే చెబుతోంది. కొన్ని బూస్టర్లలో ఇనుము ఉండి ప్లగ్గు మీద ఎర్రటి పూత పడుతుంది. కిరోసిన్, థిన్నరు, మైలేజీ కోసం ట్యాంకులో నాఫ్తలీన్ గోళీలు వేసే చిట్కా, వీటి జోలికి పోకండి. గోళీలు బీరువాకే.

బంకులో నీళ్ళు కలిశాయని అనిపిస్తే అక్కడే అడగండి: డిప్ రాడ్‌కి వాటర్ పేస్టు (నీళ్ళు తగిలితే రంగు మారేది) రాసి ట్యాంకు అడుగు చూపించమనొచ్చు, డెన్సిటీ రిజిస్టరుతో సరిపోల్చమనొచ్చు. కొలత మీద అనుమానమైతే తూనికలు కొలతల శాఖ ముద్ర ఉన్న 5 లీటర్ల కొలపాత్రలో పట్టించండి, 25 మి.లీ. కంటే ఎక్కువ తక్కువ రాకూడదు. కుండపోత వాన కురిసిన మర్నాడు పొద్దున్నే ట్యాంకు ఫుల్ చేయించకుండా ఒక రోజు ఆగడం మంచిది.