యజమాని లేకుండా పని నడపాలంటే

హనుమకొండలో మాదొక కుట్టు సంఘం. స్కూలు యూనిఫారాలు, జాకెట్లు కుడతాం, చీరలకు ఫాల్, పీకో వేస్తాం. మాకు ఓనరు లేడు, మేనేజరు లేడు. అంతకుముందు చాలాకాలం నేను ఒక కాంట్రాక్టరు దగ్గర పీస్ రేటుకు కుట్టాను. ఒక్కో జతకు బడి ఎంత ఇస్తుందో ఆయనకే తెలుసు. మిషన్లు ఆయనవి, ఆర్డరు ఆయనది, లెక్క ఆయనది, నడుం నొప్పి మాది. పెట్టుబడి పెత్తనం అంటే ఏమిటో నాకు అక్కడే అర్థమైంది.

యజమానులు, పెద్దా చిన్నా తేడాలు లేని సమాజం రావాలని మనస్ఫూర్తిగా కోరుకునేవాళ్లు చాలామంది కలుస్తుంటారు. నేనూ అదే కోరుకుంటాను. కానీ అలాంటి సమాజంలో పొద్దున తాళం ఎవరు తీయాలి, కరెంటు బిల్లు ఎవరు కట్టాలి, పనికి రాకుండా ఎగ్గొట్టేవాళ్లను ఏం చేయాలి అని అడిగితే చర్చ అక్కడితో ఆగిపోతుంది. నాకు తెలిసిన జవాబులు ఇక్కడ రాస్తున్నాను. కుట్టు పని కాకపోయినా, టిఫిన్ సెంటరైనా, కూరగాయల అమ్మకమైనా పది మంది కలిసి చేసే ఏ పనికైనా ఇవి పనికొస్తాయి.

ముందు డబ్బు సంగతి తేల్చుకోండి. అందరూ సమానంగా వాటా వేయండి, అది కూడా అందరిలోకీ తక్కువ ఉన్నవాళ్లు వేయగలిగినంతే. ఒకరి దగ్గర ఎక్కువ ఉండి ఇస్తామంటే అప్పుగా తీసుకుని కాగితం రాసుకోండి, మామూలు వడ్డీ ఇవ్వండి, తీర్చేయండి. ఎక్కువ డబ్బు పెట్టారని ఎక్కువ మాట చెల్లకూడదు. ఇంగ్లండులోని రాచ్‌డేల్‌లో 1844లో నేత కార్మికులూ ఇతర చేతిపనివాళ్లూ కలిసి సరుకుల కొట్టు తెరిచినప్పుడు పెట్టుకున్న పద్ధతి ఇదే: డబ్బుకు పరిమితమైన వడ్డీ, మనిషికి ఒక ఓటు. బట్టల షాపువాళ్లు అడ్వాన్సు ఇస్తామని వస్తారు, తీసుకోవద్దు. మన చేనేత ఊళ్లలో మాస్టర్ వీవర్ల కింద మగ్గాలు నడిచేది ఇలాగే. నూలు ఆయన ఇస్తాడు, మగ్గం మనింట్లోనే ఉంటుంది, చీర మాత్రం ఆయనదవుతుంది. అడ్వాన్సు తీసుకున్న రోజే మీకు మళ్లీ ఒక యజమాని వచ్చినట్టు.

రిజిస్ట్రేషన్ చేయించుకోండి. 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం ఉంది, మాక్స్ చట్టం అంటారు. వేర్వేరు కుటుంబాలకు చెందిన పది మంది ఉంటే చాలు. ఈ చట్టం కింద సంఘంలో ప్రభుత్వం వాటా పెట్టదు కాబట్టి సభ్యులే సొంతంగా నడుపుకోవచ్చు. జిల్లా సహకార అధికారి ఆఫీసులో అడగండి. కాగితం మీద డైరెక్టర్ల బోర్డు ఉండాలి, అధ్యక్షురాలు ఉండాలి అంటారు. పెట్టండి. బైలాలోనే, అంటే సంఘం నియమాల పత్రంలోనే, ఆ పదవులు వంతులవారీగా మారాలనీ, ఎవరైనా వరసగా రెండోసారి ఉండకూడదనీ రాసుకోండి. అధ్యక్షురాలి పని సంతకం పెట్టడం, మీటింగుకు కబురు చెప్పడం. అంతకు మించి ఏమీ లేదు.

ఇక అసలు విషయం. యజమానిని తీసేసినంత మాత్రాన పెత్తనం పోదు. మంచివాళ్లు పది మంది చేరినా ఏడాది తిరిగేసరికి ఒకరు అక్కగారైపోతారు, మిగతావాళ్లు ఆమె మొహం చూసి మాట్లాడతారు. ఇందులో ఎవరి గుణమూ చెడ్డది కానక్కర్లేదు. తాళం, లెక్కల పుస్తకం, ఫోను, కత్తెర ఎవరి చేతిలో ఉంటే పెత్తనం వాళ్ల దగ్గరికి చేరుతుంది. అందుకని వాటిని ఒకే చేతిలో ఉండనివ్వకుండా చూడటమే పని.

తాళం సులువు. వారానికొకరు, పేర్లు గోడ మీద. డూప్లికేటు ఇంకొకరి దగ్గర.

లెక్కల పుస్తకం రాసేవాళ్లు ప్రతి మూడు నెలలకూ మారాలి. లెక్క రానివాళ్లు పక్కన కూర్చుని నేర్చుకున్నాక రాయాలి. ప్రతి వారం మీటింగు మొదలయ్యేది లెక్క పైకి చదవడంతోనే. మాలో ఇద్దరికి చదవడం రాదు, కానీ నోటిలెక్కలో వాళ్లను మించినవాళ్లు లేరు. పైకి చదివితే ఎక్కడ తప్పిందో ముందు వాళ్లే పట్టుకుంటారు. బ్యాంకులో ఇద్దరి సంతకాలు కలిస్తే తప్ప డబ్బు బయటికి రాకూడదు.

ఫోను గురించి ఎవరూ ఆలోచించరు. ఈ రోజుల్లో అన్నిటికన్నా ప్రమాదం దాంతోనే. ఆర్డర్లు ఇచ్చేవాళ్ల నంబర్లన్నీ ఒకరి ఫోనులో ఉంటే, వాట్సాప్‌లో కొలతలు ఆమెకే వస్తే, క్యూఆర్ కోడ్ స్కాన్ చేసిన డబ్బు ఆమె ఖాతాలోనే పడితే, సంఘం ఆమెదే. ఆమె అలిగి రెండు రోజులు రాకపోతే పని ఆగిపోతుంది. సంఘం పేరు మీద ఒక సిమ్ము తీసుకుని వాట్సాప్ పనిచేసే మామూలు ఫోనులో వేయండి. అది కొట్లోనే ఉండాలి. క్యూఆర్ కోడ్ సంఘం ఖాతాదే అయి ఉండాలి. స్కూలు వాళ్లతో మాట్లాడటానికి ఎప్పుడూ ఇద్దరు వెళ్లండి, మాట్లాడటం అలవాటైనవాళ్లు ఒకరు, బెదురున్నవాళ్లు ఒకరు. రేటు మాట్లాడటం అలాగే వస్తుంది.

కత్తెర అంటే పనితనం. కుట్టు షాపుల్లో కటింగ్ మాస్టర్‌కు ఎక్కువ జీతం, కాజాలు తీసి గుండీలు కుట్టేవాళ్లకు అందరిలోకీ తక్కువ. కటింగ్ వచ్చినవాళ్లు ఒక్కరే ఉంటే ఆ ఒక్కరే యజమాని, ఎన్ని తీర్మానాలు రాసుకున్నా సరే. మేము నేర్పే పద్ధతి ఇది. ముందు పాత పేపర్ల మీద గీయించాలి: మెడ, భుజం, చంక, కాలరు. పేపరు కోసి, పిన్నులు పెట్టి, ఒంటి మీద పెట్టి చూడాలి. చంక మరీ కిందికి దిగితే చెయ్యి ఎత్తినప్పుడు చొక్కా మొత్తం పైకి లేస్తుంది. అది ఎన్నిసార్లు చెప్పినా ఎక్కదు, ఒక్కసారి తొడుక్కుంటే తెలిసిపోతుంది. తర్వాత పాత చీర మీద. తర్వాత ఒక్క మడత కొత్త బట్ట మీద, నిలువు పోగు వేలితో తడిమి చూసుకుని. పోగు చూడకుండా అడ్డదిడ్డంగా కోస్తే ఉతికాక బట్ట ఒకపక్క సాగిపోతుంది. పది మడతలు వేసి కోయడం చివర్లో. నేర్పే టైము, నేర్చుకునే టైము రెండూ పని గంటల్లోనే లెక్కపెట్టాలి. పని అయ్యాక ఇంటికెళ్లే ముందు నేర్పుతామంటే పిల్లలున్నవాళ్లు ఎప్పటికీ నేర్చుకోలేరు.

ఇంకొకటి ఉంది, చీపురు. మన దగ్గర పై స్థానం ఎవరిదన్న ప్రశ్న కన్నా కింది పని ఎవరిదన్న ప్రశ్నే పాతది. కొట్టు ఊడ్చేది, బాత్రూము కడిగేది ఎవరు? వంతు పెట్టకపోతే ఆ పని తనంతట తానే వెళ్లి ఒక కులం ఆమె మీద పడుతుంది. మన ఊళ్లలో కలిసి పనిచేసుకోవడం వెనకటి నుంచీ ఉన్నదేనని కొందరు మురిసిపోతారు. ఉంది, నిజమే. చెరువు నీళ్లు అందరి పొలాలకూ పారించే నీరటి ఉండేవాడు. ఆ పని కొన్ని కులాల మీదే పడేది, వాళ్లను అరుగు మీద మాత్రం కూర్చోనిచ్చేవాళ్లు కాదు. అలాంటి ఐకమత్యం మనకు వద్దు. బాత్రూము వంతు గోడ మీద రాయండి, ఆ నెల అధ్యక్షురాలి పేరుతో మొదలుపెట్టండి. నీళ్ల కుండ ఒకటే, గ్లాసులు కలిపే. మధ్యాహ్నం గిన్నెలు మధ్యలో పెట్టుకుని తినండి. ఇందుకు ఒప్పుకోనివాళ్లను ఎంత పనిమంతులైనా చేర్చుకోవద్దు. ఈ ఒక్క విషయంలో నేను సర్దుబాటు మాట వినను.

డబ్బు పంచుకోవడం లెక్కతో చెప్తాను. ఒక ఆర్డరుకు 40,000 రూపాయలు వచ్చాయనుకోండి. దారం, గుండీలు, కరెంటు, అద్దె, ఆటో కలిపి 9,000 ఖర్చు. మిగిలిన 31,000లో పదో వంతు, 3,100, నిధికి. ఇంకా 27,900. అందరూ పనిచేసిన గంటలు కలిపితే 620 అయ్యాయి. గంటకు 45 రూపాయలు. కటింగ్ చేసినా, కాజాలు తీసినా, లెక్క రాసినా, ఊడ్చినా గంట గంటే. 45 గొప్ప కూలి కాదు. కానీ అది ఎందుకు 45 అయిందో అందరికీ తెలుసు కాబట్టి వచ్చే ఆర్డరుకు ఎంత అడగాలో కూడా అందరికీ తెలుస్తుంది. స్పెయిన్‌లో 1956లో మొదలైన మోండ్రాగాన్ సహకార సంఘాల్లో పై జీతానికీ కింది జీతానికీ తేడా సుమారు ఆరు రెట్లు దాటకుండా చూస్తారు. మామూలు కంపెనీలతో పోలిస్తే అది చాలా నయం. పది మంది ఉన్నచోట ఆ తేడా కూడా అక్కర్లేదని నా అభిప్రాయం. నిధి నుంచి జబ్బు చేసినవాళ్లకు, కాన్పుకు వెళ్లినవాళ్లకు ఇవ్వాలి. అది దయ కాదు, వాళ్ల హక్కు.

నిర్ణయాలకు చేతులెత్తి ఓటు వేయడం మాకు చివరి దారి. ముందు గుండ్రంగా కూర్చుంటాం. అందరూ ఒక్కోసారి మాట్లాడేదాకా ఎవరూ రెండోసారి మాట్లాడకూడదు. తక్కువ మాట్లాడేవాళ్లతో మొదలుపెట్టాలి. ‘మీరెలా అంటే అలాగే అక్కా’ అంటే ఒప్పుకోం, ఆమె తన మాట చెప్పాల్సిందే. ఎవరికైనా గట్టి అభ్యంతరం ఉంటే ఆ వారానికి వాయిదా వేసి, అభ్యంతరం ఉన్న మనిషే వేరే దారి ఆలోచించుకుని రావాలి. మళ్లీ వారం కూడా తేలకపోతే ఓటు. ఇంకో నియమం: సభ్యురాలి తరఫున భర్త గానీ కొడుకు గానీ వచ్చి మాట్లాడకూడదు. ‘ఏం లేదమ్మా, మా ఇంటామె అంటున్నది’ అంటూ వస్తారు. కూర్చోబెట్టి చాయ్ ఇవ్వండి, మాట మాత్రం ఆమెనే అడగండి.

పనికి ఎగ్గొట్టేవాళ్ల సంగతి. మొదట ఇద్దరు ఇంటికి వెళ్లి కనుక్కోవాలి. చాలాసార్లు అత్తగారి జబ్బో, తాగి కొట్టే భర్తో బయటపడుతుంది. అప్పుడది క్రమశిక్షణ విషయం కాదు, సంఘం తోడుండాల్సిన విషయం. అలాంటిదేమీ లేకపోతే మీటింగులో మొహాన అడగాలి, వెనక అనుకోకూడదు. అయినా మారకపోతే వాటా తిరిగిచ్చి పంపేయాలి. ఈ పద్ధతి సంఘం పెట్టిన రోజే రాసుకోండి, గొడవ వచ్చాక రాసే నియమం ఒక మనిషి మీద రాసినట్టే ఉంటుంది.

ఇదంతా కొత్తదేమీ కాదు. కేంద్ర ప్రభుత్వ కాఫీ బోర్డు తన కాఫీ హౌసులు మూసేస్తే పనివాళ్లు 1957 నుంచి సహకార సంఘాలు పెట్టుకుని ఇండియన్ కాఫీ హౌసులు నడిపించారు, కేరళ కమ్యూనిస్టు నాయకుడు ఎ.కె. గోపాలన్ వాళ్ల వెనక నిలబడ్డారు. అర్జెంటీనా రాజధాని బ్యూనస్ ఎయిర్స్‌లో 2001 డిసెంబరులో బ్రుక్‌మన్ అనే కోట్లు, సూట్లు కుట్టే ఫ్యాక్టరీని ఓనర్లు వదిలిపెట్టి పోతే కుట్టేవాళ్లే, ఎక్కువమంది ఆడవాళ్లు, నడుపుకున్నారు. 2003లో పోలీసులు ఖాళీ చేయించినా పోరాడి మళ్లీ దక్కించుకున్నారు. మన జహీరాబాద్ వైపు డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత మహిళలు విత్తనాలు దాచి, కొలిచి ఇచ్చి, పంటయ్యాక ఎక్కువ కొలిచి తీసుకుంటారు. విత్తనం కొనే అవసరం లేకపోతే విత్తనాల కంపెనీ మాట చెల్లదు. 2008 నుంచి వాళ్లకు సొంత రేడియో కూడా ఉంది.

ఒక్క కొట్టు ఇలా నడిస్తే సమాజం మారుతుందా అని అడుగుతారు. ఒక్కటే అయితే మారదు. చుట్టూ ఉన్న మార్కెట్టు దాన్ని నలిపేస్తుంది. మోండ్రాగాన్‌లో పెద్దవాటిలో ఒకటైన, ఫ్రిజ్‌లు, వాషింగ్ మిషన్లు తయారుచేసే ఫాగోర్ 2013లో దివాలా తీసింది. అయినా అందులోని చాలామందికి తోటి సంఘాల్లో పని దొరికింది. అందుకే పక్క సంఘాలు కావాలి. నేతవాళ్ల సంఘం నుంచి బట్ట, రైతుల సంఘం నుంచి బియ్యం, మా దగ్గర కుట్టు, మధ్యలో దళారీ లేకుండా. ఇరవై మంది దాటితే రెండు సంఘాలుగా విడిపోండి, గుండ్రంగా కూర్చుంటే అందరి మొహాలూ కనిపించాలి. రెండిటి తరఫునా మాట్లాడటానికి మనిషిని పంపితే, మీటింగులో ఏం అనుకున్నారో అదే చెప్పి రావాలి, తన సొంత నిర్ణయం చేయకూడదు, నచ్చకపోతే ఎప్పుడైనా వెనక్కి పిలవొచ్చు. మెక్సికోలోని చియాపాస్‌లో 1994లో ప్రభుత్వం మీద తిరగబడిన జపతిస్తాలనే ఆదివాసీలు తమ ఊళ్లను నడుపుకునే సూత్రం, ఆజ్ఞ ఇచ్చేవాళ్లు ప్రజల ఆజ్ఞకు లోబడే ఇవ్వాలని. వాడకు, ఊరికి, చెరువుకు, బడికి కూడా ఈ పద్ధతి సరిపోతుందని నేను గట్టిగా నమ్ముతాను.

మొదటి మీటింగుకు వచ్చేటప్పుడు ఒక పొడుగు నోటుబుక్కు తెచ్చుకోండి. మొదటి పేజీలో అందరి పేర్లు, సంతకం రానివాళ్ల వేలిముద్ర. రెండో పేజీలో వాటా ఎంత, వెళ్లిపోతే ఎలా తిరిగిస్తారు. మూడో పేజీలో తాళం, లెక్క, ఫోను, ఊడ్చే వంతులు. నాలుగో పేజీలో ఒకే మాట రాసి అందరూ సంతకం పెట్టండి: సంఘం మూతపడితే మిషన్లు, నిధి ఎవరూ పంచుకోకూడదు, ఇలాంటి ఇంకో సంఘానికి వెళ్లిపోవాలి. రిజిస్ట్రేషన్‌కు వెళ్లినప్పుడు బైలాలో కూడా ఈ మాట ఎలా రాయాలో అధికారిని అడిగి రాయించండి.