జెనెటిక్ అల్గారిదం దారి తప్పుతోందా? ముందు సెలెక్షన్ చూడండి

గాజువాక గోడౌన్‌లో బయల్దేరిన వ్యాన్ మద్దిలపాలెం, ఎంవీపీ కాలనీ, రుషికొండ, భీమిలి లాంటి నలభై చోట్ల సరుకు దించి తిరిగి రావాలి. అతి తక్కువ దూరమయ్యే దారి కావాలి. విశాఖ విద్యార్థులకు ఇది చక్కటి జెనెటిక్ అల్గారిదం ప్రాజెక్టు. ఇందులో కొన్ని దారుల గుంపుతో (జనాభా) మొదలుపెట్టి, మంచివాటిని ఎంచి (సెలెక్షన్), వాటి ముక్కల్ని కలిపి (క్రాసోవర్), అక్కడక్కడా యాదృచ్ఛికంగా మార్చి (మ్యుటేషన్), తరం తర్వాత తరం మెరుగైన దారులు తయారుచేస్తాం. ఫలితం బాగా రాకపోతే చాలామంది ముందు మ్యుటేషన్ రేటు మారుస్తారు. నేనైతే సెలెక్షన్ నుంచే మొదలుపెట్టమంటాను.

సమస్య: కొద్ది తరాలకే దారులన్నీ ఒకేలా తయారై, మెరుగుదల ఆగిపోయింది.

కారణం: చాలాసార్లు టోర్నమెంట్ సైజు, అంటే ఒక్కో ఎంపికకు పోటీపడే దారుల సంఖ్య, పెద్దదవడమే. జనాభా 100 అనుకుందాం. రెండేసి దారులకు పోటీ పెడితే అన్నిటికన్నా మంచి దారి సగటున 2 సార్లు ఎంపికవుతుంది. ఏడేసి పెడితే దాదాపు 7 సార్లు. పరిశోధకులు గోల్డ్‌బర్గ్, దేబ్ 1991లో ఇచ్చిన సూత్రంతో లెక్కేస్తే, సెలెక్షన్ ఒక్కటే నడిచినప్పుడు ఆ ఒక్క దారే జనాభా అంతా నిండిపోవడానికి మొదటి పద్ధతిలో సుమారు 9 తరాలు, రెండో పద్ధతిలో 3 తరాలు చాలు. మొత్తం దూరం ఎక్కువైనా, రుషికొండ నుంచి భీమిలి వరకు వరస చక్కగా కుదిరిన దారులు కొన్ని ఉంటాయి. క్రాసోవర్‌కు కావాల్సిన సరుకు అదే. వేరే మంచి ముక్కతో కలిసేలోపే అవి పోతున్నాయి.

పరిష్కారం: సైజు 2 లేదా 3కి తగ్గించండి. ప్రతి తరంలో బెస్ట్ దూరంతో పాటు, ఒకదానికొకటి భిన్నమైన దారులెన్ని మిగిలాయో కూడా ప్రింట్ చేయండి. ఈ రెండో అంకె చూడకుండా మ్యుటేషన్ పెంచితే అసలు లోపం కనబడకుండా పోతుంది.

సమస్య: ఎన్ని తరాలు నడిపినా బెస్ట్ దూరం గ్రాఫ్ కదలట్లేదు.

కారణం: రౌలెట్ వీల్ (ఫిట్‌నెస్ ఎంతుంటే ఎంపిక అవకాశం అంత ఇచ్చే పద్ధతి) వాడుతూ, ఫిట్‌నెస్‌గా, అంటే దారి ఎంత మంచిదో చెప్పే మార్కుగా, దూరానికి విలోమం తీసుకుని ఉంటారు. 80 కిలోమీటర్ల దారికి, 84 కిలోమీటర్ల దారికి ఎంపిక అవకాశంలో తేడా 5 శాతమే. అంటే దాదాపు లాటరీ.

పరిష్కారం: ర్యాంక్ సెలెక్షన్‌కో, చిన్న టోర్నమెంట్‌కో మారండి. రెండూ ఏ దారి మెరుగన్న వరసనే చూస్తాయి, విలువల మధ్య తేడా ఎంతన్నది పట్టించుకోవు. రౌలెట్టే కావాలంటే, పరిశోధకుడు బేకర్ 1987లో ప్రతిపాదించిన స్టొకాస్టిక్ యూనివర్సల్ శాంప్లింగ్ (చక్రాన్ని ఒక్కసారే తిప్పి, సమాన ఎడంలో ఉన్న ముళ్లతో దారులన్నిటినీ ఎంచే పద్ధతి) వాడండి. ఎంపికలో అదృష్టం పాత్ర తగ్గుతుంది గానీ, ఆ 5 శాతం తేడా పెరగదు. దానికి ఫిట్‌నెస్‌ను స్కేల్ చేయాల్సిందే, అంటే మార్కుల మధ్య తేడా పెరిగేలా మార్చాల్సిందే.

సమస్య: దొరికిన మంచి దారి తర్వాతి తరంలో మాయమైంది.

ఎలిటిజం లేదన్నమాట. ఒకటి రెండు ఉత్తమ దారుల్ని మార్చకుండా ముందుకు పంపండి. ఇరవై పంపితే మళ్లీ మొదటి సమస్యే.

రెండు పద్ధతుల్ని పోల్చేటప్పుడు ఒక్క రన్ చూసి తేల్చకండి. రెండింటికీ ఒకే సంఖ్యలో ఫిట్‌నెస్ లెక్కింపులు ఇచ్చి, వేర్వేరు రాండమ్ సీడ్లతో (యాదృచ్ఛిక సంఖ్యల వరసకు మొదలుగా ఇచ్చే అంకెలు) కనీసం ముప్ఫైసార్లు నడిపి, సగటుతో పాటు చెత్త ఫలితాన్నీ రాసుకోండి.