సెయింట్ ఆండ్రూస్ ఓల్డ్ కోర్స్‌లో ఒక్క రౌండ్ ఆడాలనుకునేవాళ్ళకి

ముందే చెప్పేస్తున్నా, స్కాట్లాండ్ ట్రిప్ ప్లాన్ చేసేటప్పుడు సెయింట్ ఆండ్రూస్ ఊళ్ళో ఉన్న ఈ గోల్ఫ్ మైదానంలో, అంటే ఓల్డ్ కోర్స్‌లో, ఆదివారం ఆడొచ్చని లెక్కేసుకోకండి. ఓపెన్ ఛాంపియన్‌షిప్ లాంటి పెద్ద టోర్నమెంట్ ఉంటే తప్ప ఆదివారం అక్కడ ఆట ఉండదు. అలాగని గేటుకి తాళం వేస్తారనుకునేరు, ఆ రోజు ఊళ్ళోవాళ్ళు కుక్కల్నీ పిల్లల్నీ వెంటేసుకుని ఫెయిర్‌వేల మీద, అంటే బంతి కొట్టుకుంటూ వెళ్ళే గడ్డి దారుల మీద, హాయిగా తిరుగుతుంటారు, ఎందుకంటే అది ఏ క్లబ్బు సొత్తూ కాదు, ఊరుమ్మడి భూమి. 1552లో ఆర్చ్‌బిషప్ హామిల్టన్ ఆ ఇసుక నేలలో కుందేళ్ళు పెంచుకోడానికి ఒక చార్టర్, అంటే హక్కు పత్రం, తీసుకున్నాడు, అందులోనే ఊరివాళ్ళు అక్కడ గోల్ఫ్ ఆడుకోవచ్చు, పశువుల్ని మేపుకోవచ్చు అని ఉంది. మొదటి టీ, అంటే ఆట మొదలుపెట్టే చోటు, వెనకాల ఫొటోల్లో కనిపించే పెద్ద రాతి భవనం ఆర్ అండ్ ఏ (రాయల్ అండ్ ఏన్షియంట్) గోల్ఫ్ క్లబ్బుది, అందులోకి మనల్ని రానివ్వరు, కానీ కోర్స్ నడిపేది సెయింట్ ఆండ్రూస్ లింక్స్ ట్రస్ట్, అది పబ్లిక్ కోర్స్. అంటే మీకూ నాకూ ఛాన్స్ ఉన్నట్టే, కాకపోతే లాటరీ తగలాలి.

ఆ లాటరీనే బ్యాలెట్ అంటారు. మీరు ఆడాలనుకున్న రోజుకి రెండు రోజుల ముందు, మధ్యాహ్నం 2 గంటల లోపు పేర్లు ఇవ్వాలి, ఆన్‌లైన్‌లో ఇవ్వొచ్చు, ఫోన్ చేసి కూడా ఇవ్వొచ్చు. గురువారం ఆడాలంటే మంగళవారం, సోమవారం ఆడాలంటే శనివారం. కనీసం ఇద్దరు ఉండాలి, నలుగురు మించకూడదు. ఫలితం అదే రోజు సాయంత్రం వస్తుంది. వేసవిలో పోటీ విపరీతంగా ఉంటుంది కాబట్టి ఒక్కసారి వేసి రాలేదని నీరసపడిపోవద్దు, ఊళ్ళో నాలుగైదు రోజులుండి రోజూ వెయ్యండి, అదే అసలు కిటుకు. ఒకే ఒక్క రోజు పెట్టుకుని ఎడిన్‌బరో నుంచి పరిగెత్తుకొచ్చి తగల్లేదని బాధపడితే ఎవరేం చేస్తారు చెప్పండి.

ఒంటరిగా వెళ్ళేవాళ్ళకి వేరే డ్రా ఉంది. ఇదివరకు ఓల్డ్ పెవిలియన్ బయట రాత్రంతా చలిలో లైన్లో కూర్చునేవాళ్ళు, ముగ్గురే ఉన్న గ్రూపులో నాలుగో మనిషిగా దూరడానికి, 2024 నుంచి ఆ జాగారం పోయింది. ఇప్పుడు ముందురోజు మనిషి స్వయంగా వెళ్ళి పేరు ఇస్తే చాలు, సాయంత్రానికి డ్రా తీస్తారు. ఇంకో దారి, ముందు సంవత్సరమే అడ్వాన్స్ బుకింగ్‌కి అప్లై చెయ్యడం, అదీ కుదరకపోతే ట్రస్ట్ ఒప్పుకున్న టూర్ కంపెనీల ప్యాకేజీ. ప్యాకేజీలో టీ టైమ్, అంటే ఆట మొదలుపెట్టే సమయం, గ్యారంటీయే కానీ జేబు గుల్లవుతుంది. బ్యాలెట్‌లో వస్తే మామూలు గ్రీన్ ఫీజే (ఒక రౌండ్ ఆడటానికి కట్టేది), 2024 సీజన్‌లో అది 320 పౌండ్లు, ఏటా పెరుగుతూనే ఉంది. హ్యాండిక్యాప్ (మీ ఆట స్థాయి చెప్పే అంకె) రుజువు తప్పకుండా పట్టుకెళ్ళండి, అడుగుతారు.

ఆ ఊరికి రైలు లేదు, 1969లోనే స్టేషన్ ఎత్తేశారు. ల్యూకార్స్ స్టేషన్‌లో దిగి బస్సో ట్యాక్సీయో ఎక్కాలి, పది పదిహేను నిమిషాలు. ఖర్చు తగ్గుతుందని చలికాలం వెళ్దామనుకుంటే ఒక మెలిక ఉంది, ఆ నెలల్లో గడ్డి పాడవకుండా ఫెయిర్‌వే మీద బంతి కింద చిన్న మ్యాట్ పెట్టుకుని కొట్టమంటారు. నాకైతే అంత దూరం వెళ్ళి మ్యాట్ మీద ఆడటం పెళ్ళికెళ్ళి భోంచెయ్యకుండా వచ్చినట్టే, మే జూన్‌లలో అయితే రాత్రి పదింటికీ వెలుతురుంటుంది.

బ్యాలెట్ తగలని రోజు గదిలో కూర్చోకండి. పక్కనే న్యూ కోర్స్ ఉంది, పేరుకే న్యూ, 1895 నాటిది, ఓల్డ్ టామ్ మోరిస్ వేసిన కోర్స్, జూబిలీ, ఈడెన్ కూడా ఉన్నాయి, వీటికి బుకింగ్ చాలా తేలిక. ఇంకా హిమాలయాస్ అని గుట్టలు గుట్టలుగా ఉండే పట్టింగ్ గ్రీన్, అంటే బంతిని నేల మీద దొర్లించి గుంతలో వేసే పచ్చిక, ఉంది, 1867లో మొదలైన లేడీస్ పట్టింగ్ క్లబ్‌ది, కొద్దిపాటి డబ్బుకి ఎవరైనా ఆడొచ్చు. నవ్వుకుంటూ ఆడేసి వచ్చెయ్యకండి, అక్కడ నేర్చుకున్న లాంగ్ పట్టింగే మర్నాడు ఓల్డ్ కోర్స్‌లో మిమ్మల్ని కాపాడుతుంది.

ఎలాగంటే, అక్కడున్న 18 హోల్స్‌లో పద్నాలుగిటికి కలిపి ఏడే గ్రీన్లు, అంటే జెండా, గుంత ఉండే నున్నటి పచ్చికలు. వెళ్ళే హోల్ ఒకటి, తిరిగొచ్చే హోల్ ఒకటి ఒకే గ్రీన్ పంచుకుంటాయి, ఆ రెండిటి నంబర్లు కలిపితే ఎప్పుడూ 18 వస్తుంది, 2కి 16, 5కి 13 అలాగ. 1, 9, 17, 18కి మాత్రమే సొంత గ్రీన్లు. బంతి గ్రీన్ మీదే ఉన్నా జెండాకి ముప్పై నలభై గజాల దూరంలో ఉండటం మామూలే. వెళ్ళేటప్పుడు తెల్ల జెండాలు, వచ్చేటప్పుడు ఎర్రవి, కంగారులో పక్క జెండాకి గురిపెట్టేవాళ్ళు రోజూ ఉంటారు.

క్యాడీని, అంటే బ్యాగు మోస్తూ ఎటు కొట్టాలో చెప్పే మనిషిని, పెట్టుకోండి, ఇక్కడ మాత్రం పిసినారితనం వద్దు. వందకు పైగా బంకర్లు, అంటే ఇసుక గోతులు, ఉన్నాయి, వాటిలో చాలావాటిని టీ మీద నుంచి చూస్తే అసలు కనపడవు, చదునుగా ఉన్న ఫెయిర్‌వే మధ్యలో కొట్టానని సంబరపడి వెళ్ళి చూస్తే బంతి గోతిలో ఉంటుంది. క్యాడీ "అదుగో ఆ చర్చి గోపురం మీదికి కొట్టు" అంటే మారుమాట్లాడకుండా అటే కొట్టండి. మీకు మీరే ఆడుకోవాలంటే ఒక్క సూత్రం గుర్తుపెట్టుకోండి, ఎడమ మంచిది. కుడివైపు ముళ్ళ గోర్స్ పొదలు, చాలాచోట్ల ఔట్ ఆఫ్ బౌండ్స్, అంటే కోర్స్ హద్దు బయట, కూడా, ఎడమవైపుకి పోతే మహా అయితే పక్క హోల్ ఫెయిర్‌వేలో పడుతుంది, అక్కణ్ణుంచి యాంగిల్ బాగోకపోవచ్చు గానీ బంతైతే దొరుకుతుంది.

నేల సంగతి కూడా చెప్పాలి. లింక్స్ అంటే సముద్రానికీ పొలాలకీ మధ్యనున్న ఇసుక నేల, నీళ్ళు నిలవవు, గడ్డి పొట్టిగా గట్టిగా ఉంటుంది, కాబట్టి మెత్తటి కోర్సుల్లో లాగా వెడ్జ్ అనే కర్రతో ఆకాశంలోకి లేపి జెండా పక్కన దించుదామంటే బంతి టప్పున ఎగిరి జెండా దాటి దొర్లిపోతుంది, పైగా గాలి. ఏడో నంబరు ఐరన్ కర్రో ఎనిమిదోదో తీసుకుని గ్రీన్‌కి చాలా ముందే నేలకి తగిలించి దొర్లించండి, గ్రీన్ బయట ముప్పై గజాల నుంచి కూడా పట్టర్, అంటే బంతిని దొర్లించే కర్ర, తియ్యడానికి సిగ్గుపడొద్దు, అక్కడ అందరూ అదే చేస్తారు. ఎదురుగాలి ఉంటే మామూలుగా వాడేదానికన్నా రెండు మెట్లు ఎక్కువ దూరం కొట్టే కర్ర తీసుకుని నెమ్మదిగా ఊపండి, గట్టిగా కొట్టేకొద్దీ బంతి ఇంకా పైకి లేస్తుంది.

బంకర్‌లో పడితే అహం పక్కన పెట్టి పక్కకో వెనక్కో తీసెయ్యండి. 1921 ఓపెన్‌లో బాబీ జోన్స్ అంతటి ఆటగాడు 11వ హోల్ దగ్గర హిల్ బంకర్‌లో ఇరుక్కుని విసిగిపోయి స్కోరే వదిలేశాడు. 1995లో జాక్ నిక్లాస్ 14వ హోల్‌లో హెల్ బంకర్‌లో పడి ఆ ఒక్క హోల్‌కే 10 షాట్లు రాసుకున్నాడు. 2000 ఓపెన్‌లో టైగర్ వుడ్స్ నాలుగు రౌండ్లూ ఒక్క బంకర్‌లోనూ పడకుండా ఆడి గెలిచాడు, ఈ కోర్స్‌లో ఏం చెయ్యాలో దాన్ని బట్టే తెలుస్తోందిగా.

17వది రోడ్ హోల్, దీని గురించి రాత్రే కాస్త ఆలోచించి పెట్టుకోండి. టీ షాట్ హోటల్ ముందున్న ఆకుపచ్చ షెడ్ల మీదుగా గుడ్డిగా కొట్టాలి, ధైర్యం చాలకపోతే ఎడమగా కొట్టండి, ఎవరూ ఏమనరు. రెండో షాట్‌కి గ్రీన్ మీదికి ఎగబడొద్దు, ముందు నిలువు గోడలాంటి బంకర్, వెనక రోడ్డు, దాని పక్కన రాతి గోడ, రోడ్డు మీద పడితే ఫ్రీ డ్రాప్ (శిక్ష లేకుండా బంతిని పక్కకి తీసి పెట్టుకోవడం) లేదు, తారు మీద నుంచే కొట్టాలి. 1978లో జపాన్ ఆటగాడు టామీ నకజిమా గ్రీన్ మీద నుంచి పట్ చేస్తే బంతి దొర్లుకుంటూ ఆ బంకర్‌లో పడింది, బయటికి రావడానికి నాలుగు షాట్లు పట్టింది, చివరికి ఆ హోల్‌కి 9 షాట్లు. మనలాంటివాళ్ళకి గ్రీన్ ముందు కుడివైపు ఆపి, పట్టర్‌తో పైకి నెట్టి, 5 రాసుకుంటే పండగే.

18లో స్విల్కన్ వంతెన మీద ఫొటో తీసుకోండి కానీ వెనక గ్రూపు చూస్తుంటుంది, ఒక్క నిమిషంలో తేల్చెయ్యండి. ఫెయిర్‌వేని అడ్డంగా కోస్తూ ఒక రోడ్డు పోతుంది, గ్రానీ క్లార్క్స్ వైండ్ అని, జనం దాటుతుంటారు, వాళ్ళు దాటేదాకా ఆగండి. గ్రీన్ ముందు వ్యాలీ ఆఫ్ సిన్ అనే పల్లం ఉంది, బంతి అందులో ఆగితే మళ్ళీ పట్టరే. కంచె పట్టుకుని ఊళ్ళోవాళ్ళు చూస్తుంటారు, మీ పట్ లోపలికి పోతే చప్పట్లు కూడా కొడతారు. క్యాడీకి ఇవ్వాల్సింది క్యాష్‌గా, టిప్‌తో కలిపి, ముందే జేబులో పెట్టుకోండి, గ్రీన్ దిగాక ఏటీఎం కోసం వెతుక్కుంటుంటే బాగోదు.