పాత కాంటెస్సాకు తేలిక ఇంజన్ వేయించే ముందు

హిందుస్తాన్ మోటార్స్ వారి ఈ పాత కారుకు ఎండలు ముదరకముందే ఇంజన్ మార్పు ముగించాలనుకునే తిరుపతి, చిత్తూరు వాళ్లు ఇవి చూసుకోండి.

– ముందు ఆర్టీఓ అనుమతి, తర్వాతే అడ్వాన్స్. 1988 మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కింద ఇది తప్పదు. ఆర్‌సీలో ఒక ఇంజన్ నంబరు, ఇంజన్ బ్లాక్ మీద ఇంకో నంబరు ఉంటే ఇన్సూరెన్స్ క్లెయిమ్ కూడా చిక్కుల్లో పడుతుంది. బిల్లు లేని ఇంజన్ ఎంత చౌకైనా వద్దు.

– కాంటెస్సాను నడిపేది వెనక చక్రాలు, అందుకే ఇంజన్ బండి పొడవునా కూర్చోవాలి. స్విఫ్ట్ ఇంజన్ అడ్డంగా కూర్చునే రకం, దానికి తగ్గ గేర్‌బాక్స్ కోసం తిరిగి తిరిగి అలసిపోతారు. మారుతి జిప్సీ 1.3 లీటర్ల అల్యూమినియం ఇంజన్ అలాగే పొడవునా కూర్చుంటుంది, తేలిక కూడా. కానీ శక్తి సుమారు 80 హార్స్‌పవరే. పికప్ కోసమైతే ఆశ పెట్టుకోకండి.

– సంప్ (ఇంజన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టి) కింది క్రాస్‌మెంబర్‌కు (బండి అడ్డంగా ఉండే ఇనుప దూలానికి) తగులుతుందా? కొనకముందే టేపు పెట్టి కొలవండి.

– ఈసీయూ (ఇంజన్‌ను నడిపే కంప్యూటర్), తాళం, వైరింగ్ మొత్తం ఒకే బండివి కావాలి. వైర్లు కత్తిరించి ఇస్తే వదిలేయండి.

– బరువు తగ్గితే ముందు భాగం లేస్తుంది. స్ప్రింగులు, అలైన్‌మెంట్ మళ్లీ చూపించాలి.

– రేడియేటర్ పరీక్ష భాకరాపేట ఘాట్‌లో, మధ్యాహ్నం, ఏసీ వేసి. మొదటి ట్రయలే తిరుమల కొండకు వద్దు, ఆగితే వెనకున్న బండ్లన్నీ ఆగుతాయి.