సీ కోడ్‌లో ఫార్మాట్ వార్నింగ్ వచ్చిందా? దాని సంగతి ఇలా తేల్చండి

ప్రోగ్రామ్ రన్ అవుతోంది కదా అని స్ట్రింగ్ ఫార్మాటింగ్ వార్నింగ్‌ను వదిలేయకండి. అలాగని బఫర్ (టెక్స్ట్ రాసుకునే మెమరీ జాగా) సైజును గుడ్డిగా పెంచేయకండి. ముందు లెక్క చూడాలి.

1. సీ కంపైలర్ జీసీసీకి -డబ్ల్యూఆల్, -ఓ2, -డబ్ల్యూఫార్మాట్-ట్రంకేషన్=2 ఆప్షన్లు ఇచ్చి మళ్లీ కంపైల్ చేయండి. వేరియబుల్ ఏ విలువల మధ్య ఉంటుందో కంపైలర్‌కు బాగా తెలిసేది ఆప్టిమైజేషన్ (-ఓ2) ఆన్‌లో ఉన్నప్పుడే. ఈ ట్రంకేషన్ (టెక్స్ట్ బఫర్‌లో పట్టక తెగిపోవడం) తనిఖీ 2017లో జీసీసీ 7తో వచ్చింది. పాత ప్రాజెక్టును కొత్త కంపైలర్‌కు మార్చగానే వార్నింగ్‌లు వరసకట్టడానికి అదొక కారణం.

2. వార్నింగ్ కింద ఉండే నోట్‌ను కూడా చదవండి. అసలు విషయం అక్కడే ఉంటుంది. ఉదాహరణకు 8 బైట్ల బఫర్‌లోకి, సైజు దాటకుండా టెక్స్ట్ రాసే ఎస్‌ఎన్‌ప్రింట్‌ఎఫ్ ఫంక్షన్‌తో "ఎస్‌డీఏ%డి" రాస్తున్నారనుకుందాం (%డి ఉన్న చోట నంబర్ వస్తుంది). ఇంగ్లిష్‌లో ఆ మూడు అక్షరాలు పోగా మిగిలేది 5 బైట్లు. 32 బిట్ల ఇంట్ విలువకు ఒక అక్షరం నుంచి, మైనస్ గుర్తుతో కలిపి 11 అక్షరాల దాకా పట్టొచ్చు. చివరి సున్నా బైట్‌తో మొత్తం 5 నుంచి 15 బైట్లు. నోట్‌లో కనిపించే అంకెలు ఇవే.

3. ఇప్పుడు ఆ నంబర్ నిజంగా ఎంతవరకు వెళ్తుందో కోడ్‌లో వెతకండి. 999 దాటకూడదంటే, ఎస్‌ఎన్‌ప్రింట్‌ఎఫ్‌కు ముందే 0 కన్నా తక్కువైనా, 999 కన్నా ఎక్కువైనా వెనక్కి పంపే ఇఫ్ పెట్టండి. అప్పుడు 7 బైట్లు సరిపోతాయి, వార్నింగ్ పోతుంది, కోడ్ కూడా గట్టిపడుతుంది. ఏ విలువైనా రావచ్చంటే బఫర్‌ను 15కు పెంచడమే న్యాయం. పొడవు ముందే తెలియని ఫైల్ పేర్ల లాంటి వాటికి ఎస్‌ఎన్‌ప్రింట్‌ఎఫ్ రిటర్న్ విలువను చూడండి. అది బఫర్ సైజుకు సమానంగానో, ఎక్కువగానో ఉంటే టెక్స్ట్ తెగిపోయినట్టే.

4. లాంగ్‌కు %డి వాడారన్న వార్నింగ్ అయితే సులువు, %ఎల్‌డి పెట్టండి. సైజులకు వాడే సైజ్‌టీ టైప్‌కు %జెడ్‌యూ. టైప్ క్యాస్ట్‌తో నోరు మూయించకండి, 64 బిట్ల లినక్స్‌లో సగం విలువ ఎగిరిపోవచ్చు.

5. ప్రింట్‌ఎఫ్‌కు వేరియబుల్‌నే ఫార్మాట్‌గా ఇచ్చారన్న వార్నింగ్ కనిపిస్తే మిగతావన్నీ పక్కన పెట్టి ముందు దీన్ని చూడండి. బయటివాళ్లు పంపిన టెక్స్ట్ అందులోకి చేరి, దాంట్లో %ఎన్ ఉంటే మెమరీలోకి రాసే దారి దొరికినట్టే. 2000లో డబ్ల్యూయూ-ఎఫ్‌టీపీడీ సర్వర్‌లో బయటపడిన పెద్ద లోపం ఈ రకమే. వేరియబుల్‌కు ముందు ఫార్మాట్‌గా "%ఎస్" పెడితే చాలు. ఈ తనిఖీ -డబ్ల్యూఆల్‌లో రాదు, -డబ్ల్యూఫార్మాట్-సెక్యూరిటీ విడిగా ఇవ్వాలి.