పురుషుల ఫిగర్ స్కేటింగ్ సీజన్‌ని మొదటి నుంచి చివరిదాకా ఫాలో అవ్వడం ఎలా?

నాలుగేళ్లకోసారి ఒలింపిక్స్ వచ్చినప్పుడు మాత్రమే ఫిగర్ స్కేటింగ్ చూసేవాళ్లకి ప్రతిసారీ అవే అనుమానాలు. అంత బాగా చేశాడు కదా, మార్కులు అంత తక్కువెందుకు వచ్చాయి? కిందపడ్డవాడు పడనివాడి కంటే పైన ఎలా ఉన్నాడు? ఒక్క పోటీ చూసి ఇవి తేల్చుకోలేం. అదే కొద్దిమంది స్కేటర్లని పట్టుకుని ఒక సీజన్ మొత్తం చూశారనుకోండి, చాలా చిక్కుముళ్లు వాటంతటవే విడిపోతాయి. ఎందుకంటే ఒక స్కేటర్ సీజన్ పొడుగునా చేసేవి మామూలుగా రెండే ప్రోగ్రాములు: ఒక షార్ట్ ప్రోగ్రామ్ (చిన్నది), ఒక ఫ్రీ స్కేట్ (పొడుగైనది). సెప్టెంబర్‌లో తడబడిన ఆ రెండూ మార్చి నాటికి ఎలా తయారయ్యాయి, మధ్యలో ఏం తీసేశారు, ఏం కలిపారు అన్నదే మనం చూడాల్సింది. పతకాలు ఎలాగూ తెలుస్తాయి.

1. ముందు క్యాలెండర్ రాసిపెట్టుకోండి

అంతర్జాతీయ స్కేటింగ్ సంఘం ఐఎస్‌యూ లెక్కలో సీజన్ జులై 1న మొదలై మరుసటి జూన్ 30న ముగుస్తుంది. ఆగస్టు, సెప్టెంబర్ నుంచి ఛాలెంజర్ సిరీస్ అనే చిన్న పోటీలు నడుస్తాయి. ఇటలీలో లొంబార్డియా ట్రోఫీ, జర్మనీలోని ఓబర్‌స్ట్‌డోర్ఫ్‌లో నెబెల్‌హార్న్ ట్రోఫీ లాంటివి. చిన్నవే కదా అని వదిలేయకండి. చరిత్రలో మొదటి క్వాడ్ యాక్సెల్ (క్వాడ్ అంటే గాలిలో నాలుగు చుట్ల జంప్, యాక్సెల్ ఒక జంప్ రకం) నమోదైంది ఇలాంటి పోటీలోనే. 2022 సెప్టెంబర్‌లో అమెరికాలోని లేక్ ప్లాసిడ్‌లో, అప్పటికి 17 ఏళ్ల అమెరికా కుర్రాడు ఇలియా మలినిన్ చేశాడు.

అక్టోబర్, నవంబర్ నెలల్లో గ్రాండ్ ప్రీ. ఆరు పోటీలు, ఆరు దేశాలు, ఒక్కోదానిలో పన్నెండు మంది పురుషులు. ఒక్కో స్కేటర్‌కి ఎక్కువలో ఎక్కువ రెండు పోటీలే ఇస్తారు. గెలిస్తే 15 పాయింట్లు, తర్వాత 13, 11, 9, 7, 5, 4, 3. ఎనిమిదో స్థానం దాటితే సున్నా. మొత్తం పాయింట్లలో మొదటి ఆరుగురు డిసెంబర్‌లో జరిగే ఫైనల్‌కి వెళ్తారు. రెండు రజతాలు వస్తే 26, దాదాపు ఖాయం. ఒక స్వర్ణం, ఒక ఆరో స్థానం అయితే 20, అప్పుడు మిగతావాళ్లు ఎప్పుడు జారతారా అని చూస్తూ కూర్చోవాలి. ఈ లెక్క చేతిలో ఉంటే ఆరో పోటీ వారాంతం మహా టెన్షన్‌గా ఉంటుంది, గెలుపు ఓటముల కంటే నాలుగో స్థానం ఎవరిదన్నదే పెద్ద విషయమైపోతుంది.

తర్వాత జాతీయ పోటీలు (జపాన్‌ది డిసెంబర్ చివర్లో, అమెరికాది జనవరిలో), యూరోపియన్ ఛాంపియన్‌షిప్, మిగతా ఖండాలవాళ్లకి ఫోర్ కాంటినెంట్స్, చివరికి మార్చిలో ప్రపంచ ఛాంపియన్‌షిప్. ఒలింపిక్స్ ఉన్న ఏడాది ఆ ఒలింపిక్స్ కూడా మధ్యలో, ఫిబ్రవరిలో దూరుతుంది. పోటీ టైమ్ ఎప్పుడూ ఆ ఊరి స్థానిక సమయంలోనే ఇస్తారు కాబట్టి ఫోన్ క్యాలెండర్‌లో ఆ నగరం టైమ్‌తోనే ఎంట్రీ పెట్టుకోండి, మార్పిడి అదే చేసుకుంటుంది. యూరప్ గడియారాలు అక్టోబర్ చివర్లో, అమెరికావి నవంబర్ మొదట్లో మారతాయి, అక్కడ చాలామంది గంట తేడాతో టీవీ పెడతారు.

2. అందరినీ కాదు, ఐదుగురిని పట్టుకోండి

టాప్ ఐదుగురిని తీసుకుంటే సగం మజా పోతుంది. రకానికొకరు ఉండాలి. జంప్‌ల మీద బతికేవాడు ఒకడు: ఈ తరంలో అది మలినినే. జంప్‌లతో పాటు ఐస్ మీద జారడంలోనే అందం ఉన్నవాడు ఒకడు, జపాన్ స్కేటర్ యుమా కగియామా. తండ్రి మసకజు దగ్గరే శిక్షణ, ఆయనా ఒకప్పుడు ఒలింపిక్ స్కేటర్. ఏ రోజు ఏం చేస్తాడో చెప్పలేని ఫ్రాన్స్ స్కేటర్ ఆడమ్ సియావో హిమ్ ఫా. ఎవరూ ఊహించని కాంబినేషన్‌లు చేసే కజకిస్తాన్ కుర్రాడు మిఖాయిల్ షైదొరొవ్: ట్రిపుల్ యాక్సెల్ దిగి, ఒక చిన్న గెంతు వేసి, వెంటనే క్వాడ్ సాల్కోవ్ (ఇంకో జంప్ రకం, నాలుగు చుట్లతో) ఎక్కేస్తాడు. ఐదోవాడు మీ ఇష్టం, కానీ పదిహేనో ర్యాంకు చుట్టుపక్కల ఉన్నవాడైతే మంచిది. ఫైనల్ అర్హతలూ దేశపు కోటాలూ ఎంత గట్టిగా తగులుతాయో అలాంటివాడి సీజన్‌లోనే తెలుస్తుంది.

జూనియర్ గ్రాండ్ ప్రీని ఐఎస్‌యూ తన యూట్యూబ్ ఛానెల్‌లో ఏళ్లుగా ఉచితంగా చూపిస్తోంది. ఓపిక ఉంటే అక్కడ కూడా ఒక పేరు గుర్తుపెట్టుకోండి.

3. జంప్‌లు గుర్తుపట్టడం: మొదట యాక్సెల్ ఒక్కటే చాలు

ఆరు రకాల జంప్‌లూ ఒక్కరోజులో రావు, రావాల్సిన పనీ లేదు. యాక్సెల్‌ని ఎవరైనా పట్టేయొచ్చు, ముఖం ముందుకి పెట్టి ఎగిరే జంప్ అదొక్కటే. మిగతా ఐదూ వెనక్కి జారుతూ ఎగిరేవే. దిగడం మాత్రం అన్నీ వెనక్కే, అందుకే యాక్సెల్‌లో అరచుట్టు అదనం, క్వాడ్ యాక్సెల్ అంటే నాలుగున్నర చుట్లు.

తర్వాతి మెట్టు కాలి వేలి దగ్గర చూడటం. బ్లేడు ముందున్న పళ్లని ఐస్‌లో పొడిచి ఎగిరితే టో లూప్, ఫ్లిప్, లట్జ్‌లలో ఒకటి. పొడవకుండా అంచు మీద నుంచే లేస్తే సాల్కోవ్ లేదా లూప్. లట్జ్‌కీ ఫ్లిప్‌కీ తేడా బ్లేడు ఏ అంచు మీద ఉందన్నది, బయటి అంచైతే లట్జ్, లోపలి అంచైతే ఫ్లిప్. స్లో మోషన్ రీప్లేలో తప్ప ఇది కనిపించడం కష్టం. అలవాటైన కళ్లు కూడా రీప్లే కోసం ఆగుతాయి, సిగ్గుపడక్కర్లేదు.

4. మార్కుల కాగితం చదవండి, అసలు విషయమంతా అక్కడే

మీరు ఒక్క పనే చేయగలిగితే ఇది చేయండి. ప్రతి పోటీ తర్వాత ప్రోటోకాల్ అనే కాగితాన్ని ఫలితాల పేజీలో పెడతారు. ఒక్కో స్కేటర్ చేసిన ప్రతి అంశం ఒక్కో లైన్‌లో ఉంటుంది: దాని మూల విలువ, తొమ్మిది మంది జడ్జీలు మైనస్ 5 నుంచి ప్లస్ 5 దాకా ఇచ్చిన గ్రేడ్లు, చివర్లో వచ్చిన మార్కు. అన్నిటికంటే పైదీ కిందదీ తీసేసి మిగతావాటి సగటు తీసుకుంటారు.

ఒక లెక్క చూద్దాం, 2025-26 విలువలతో. క్వాడ్ లట్జ్ 11.50, దాని వెనక ట్రిపుల్ టో లూప్ 4.20, కలిపి 15.70. ఫ్రీ స్కేట్‌లో చివరి మూడు జంప్ అంశాలకి మూల విలువ మీద పది శాతం అదనం ఉంటుంది కాబట్టి దీన్ని అక్కడ పెడితే 17.27 అవుతుంది. జడ్జీల సగటు ప్లస్ 3 అనుకోండి, పెద్ద జంప్ విలువలో గ్రేడ్‌కి పది శాతం చొప్పున ఇంకో 3.45. ఒక్క అంశానికి 20.72!

ఇప్పుడు అదే క్వాడ్ లట్జ్ ఒంటరిగా చేసి కిందపడ్డాడు. చుట్లు పూర్తయ్యాయి, కానీ గ్రేడ్ మైనస్ 5. అంటే 11.50లో సగం పోయి 5.75 మిగిలింది, పడినందుకు విడిగా ఇంకో మార్కు కోత, చేతికొచ్చింది 4.75. శుభ్రంగా చేసిన మామూలు ట్రిపుల్ లట్జ్‌కి 5.90 వస్తుంది. చుట్టు కూడా పూర్తి కాకపోతే, పేరు పక్కన '<' గుర్తు పడి మూల విలువే ఇరవై శాతం తగ్గుతుంది, అప్పుడు ఆ పడటం తర్వాత మిగిలేది 3.60. పడ్డా కూడా క్వాడ్‌కి ఎక్కువ ఇస్తారని అనుకునేవాళ్లకి ఈ రెండు లైన్లు చూపిస్తే సరిపోతుంది. పడ్డవాడు పైనుంటే మిగతా జంప్‌ల వల్లో, రెండో సగం అదనం వల్లో, కాకపోతే కాంపొనెంట్ మార్కుల వల్లో అయి ఉంటుంది.

ఆ కాంపొనెంట్లు మూడు. ప్రోగ్రామ్ ఎలా కట్టారు, ఎలా ప్రదర్శించారు, స్కేటింగ్ నైపుణ్యం ఎంత. ఫ్రీ స్కేట్‌లో అన్నిటికీ పదికి పది వస్తే దాదాపు వంద. వీటిలో జడ్జీలు మొహమాటపడతారని, పేరున్నవాడికి ఉదారంగా ఇస్తారని గొణుగుడు ఎప్పుడూ ఉంది, పూర్తిగా అబద్ధమని నేననను. కానీ ఇవి లేకపోతే జేసన్ బ్రౌన్ లాంటివాడు 2022 బీజింగ్ ఒలింపిక్స్‌లో ఒక్క క్వాడ్ కూడా లేకుండా ఆరో స్థానంలో నిలిచేవాడు కాదు.

రెండేళ్లకోసారి ఐఎస్‌యూ సమావేశంలో నిబంధనలు మారుస్తారు, 2024లో బ్యాక్‌ఫ్లిప్ (వెనక్కి వేసే పల్టీ) మీద నిషేధం ఎత్తేసినట్టు. కొత్త సీజన్ మొదలయ్యేముందు జంప్‌ల విలువలూ సంఖ్యా మారాయేమో ఒకసారి చూసుకోండి.

5. లైవ్‌లో ఎక్కడ చూడాలి

షార్ట్ ప్రోగ్రామ్ 2 నిమిషాల 40 సెకన్లు, పది సెకన్లు అటూఇటూ. మూడే జంప్ అంశాలు. ఒకటి పోతే సరిదిద్దుకునే చోటు ఉండదు, అందుకే తలరాతలు ఇక్కడ తిరగబడతాయి. 2018 ప్యోంగ్‌చాంగ్ ఒలింపిక్స్‌లో అమెరికా స్కేటర్ నేథన్ చెన్ షార్ట్‌లో కుప్పకూలి 17వ స్థానానికి పడిపోయాడు, ఫ్రీలో ఆరు క్వాడ్‌లతో అందరికంటే ఎక్కువ మార్కులు తెచ్చుకున్నా మొత్తంలో ఐదో స్థానమే దక్కింది. 2024 మాంట్రియల్ ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో సియావో హిమ్ ఫా 19వ స్థానం నుంచి కాంస్యానికి ఎగబాకాడు, అదీ అప్పటికింకా నిషేధంలో ఉన్న బ్యాక్‌ఫ్లిప్ కావాలనే వేసి రెండు మార్కులు పోగొట్టుకుని మరీ.

కాబట్టి చివరి గ్రూపు మాత్రమే చూస్తామంటే ఇలాంటివి చేజారతాయి. ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో షార్ట్ తర్వాత 24 మందే ఫ్రీకి వెళ్తారు. ప్రతి గ్రూపుకీ ముందు ఆరు నిమిషాల వార్మప్ ఉంటుంది. ఆ టైమ్‌లో వేరే పని చూసుకోకండి. ఎవరు ఏ జంప్‌ని మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తున్నారు, ఎవరు గోడ దగ్గరికి వెళ్లి కోచ్‌తో మాట్లాడి మళ్లీ అదే జంప్‌కి వెళ్తున్నారు అన్నది చూస్తే, ప్లాన్‌లో ఏ క్వాడ్ ట్రిపుల్ అవబోతోందో ముందే పసిగట్టొచ్చు. తెర మూలలో చిన్న పెట్టెల రంగులు కూడా గమనించండి. పసుపు వస్తే ఆ అంశాన్ని టెక్నికల్ ప్యానెల్ (ఏ జంప్ చేశాడో, చుట్లు పూర్తయ్యాయో లేదో తేల్చే బృందం) రీప్లేలో మళ్లీ చూస్తోందని అర్థం, అంటే అప్పుడు కనిపించే మార్కు ఇంకా తగ్గొచ్చు.

6. మొత్తం కాదు, జంప్‌ల వరుస రాసుకోండి

మీ ఐదుగురికీ తలా ఒక పేజీ. ప్రతి పోటీలో ఫ్రీ స్కేట్‌లోని జంప్ అంశాలన్నీ వరసగా రాయండి, ఏది మిగిలింది, ఏది చెదిరింది. మొత్తం మార్కులు పక్కన పెట్టినా పర్లేదు. వేర్వేరు పోటీల ప్యానెళ్లు వేర్వేరుగా కఠినంగా ఉంటాయి, పైగా జాతీయ పోటీల మార్కుల్ని ఐఎస్‌యూ రికార్డుల్లో లెక్కే వేయదు, అక్కడ చేయి కాస్త ధారాళంగా ఉంటుంది. జనవరిలో సొంత దేశంలో వచ్చిన అంకె చూసి మార్చిలో అంతే వస్తుందని లెక్కలేయకండి.

వరుసే నిజం చెబుతుంది. అక్టోబర్‌లో మొదటి జంప్‌గా ఉన్న క్వాడ్ ఫ్లిప్ డిసెంబర్‌లో మాయమైతే గాయమైనా అయ్యుండాలి, లేకపోతే కోచ్ లెక్క మార్చి ఉండాలి. కష్టమైన కాంబినేషన్ రెండో సగంలోకి జరిగిందంటే ఊపిరి మీద నమ్మకం కుదిరిందన్నమాట. 2025 డిసెంబర్‌లో నగోయాలో జరిగిన గ్రాండ్ ప్రీ ఫైనల్‌లో మలినిన్ ఒకే ఫ్రీలో ఏడు క్వాడ్‌లు దించాడు, ఆరు రకాలూ ఉన్నాయి, లట్జ్ రెండుసార్లు. రెండు నెలల తర్వాత ఒలింపిక్స్‌లో షార్ట్‌లో మొదటి స్థానంలో నిలిచి, ఫ్రీలో ఒకదాని తర్వాత ఒకటి జారవిడుచుకుని మొత్తంలో ఎనిమిదోవాడయ్యాడు. షార్ట్ తర్వాత ఐదో స్థానంలో ఉన్న షైదొరొవ్‌కి స్వర్ణం, కగియామాకి రజతం, జపాన్‌కే చెందిన షున్ సాతోకి కాంస్యం. ఫలితం చూసి ప్రపంచం నోరెళ్లబెట్టింది గానీ, షైదొరొవ్ జంప్‌ల వరుస రాసుకుంటూ వచ్చినవాళ్లకి అతని దగ్గర ఎంత సరుకుందో ముందే తెలుసు.

7. కోటాలు అర్థం చేసుకోండి

ఒక దేశం నుంచి ప్రపంచ పోటీకి ముగ్గురికి మించి వెళ్లలేరు, ఆ మూడూ కూడా సంపాదించుకోవాలి. ఇద్దరు ముగ్గురు వెళ్లిన దేశమైతే అందులో మెరుగైన ఇద్దరి స్థానాలు కూడితే 13 లేదా అంతకన్నా తక్కువ రావాలి, అప్పుడే మరుసటి ఏడాదికి మూడు టికెట్లు. ఒక్కడే వెళ్తే మొదటి రెండు స్థానాల్లో ఉంటే మూడు, పదిలోపు ఉంటే రెండు. అందుకే ప్రపంచ పోటీలో ఎనిమిదో స్థానానికీ తొమ్మిదో స్థానానికీ మధ్య ఒక దేశం మొత్తం ఊపిరి బిగబట్టి కూర్చోవచ్చు. జపాన్ లాంటి చోట ఇంకో బాధ. ప్రపంచంలో మొదటి పదిలో ఉండగలిగినవాడు ఇంట్లోనే నాలుగోవాడై మిగిలిపోతాడు. డిసెంబర్ చివర్లో జరిగే వాళ్ల జాతీయ పోటీని తప్పకుండా చూడమనేది ఇందుకే.

8. మార్చి తర్వాత

ప్రపంచ పోటీ అయిపోగానే స్కేటర్లు షోలకి వెళ్తారు, కొందరు కొత్త ప్రోగ్రామ్‌ని మొదట అక్కడే రుచి చూపిస్తారు. రిటైర్మెంట్ కబుర్లు కూడా ఈ నెలల్లోనే వస్తాయి. జపాన్ స్కేటర్లు షోమా ఉనో 2024 మేలో, యుజురు హన్యూ 2022 జులైలో పోటీలకి సెలవు చెప్పారు. గ్రాండ్ ప్రీలో ఎవరికి ఏ రెండు పోటీలు పడ్డాయో జాబితా వేసవిలో విడుదలవుతుంది. అది రాగానే మీ ఐదుగురిలో ఎవరెవరు ఒకే పోటీలో ఎదురుపడుతున్నారో చూసి ఆ వారాంతాలు ఖాళీ పెట్టుకోండి.