తెలిసింది ఏది, అడిగింది ఏది: సంభావ్యత, సాంఖ్యక శాస్త్రం కోర్సు చదివే పద్ధతి

డిగ్రీలో ఈ కోర్సు మొదటి పరీక్షలో నాకు వందకు 31 మార్కులు వచ్చాయి. లెక్కలంటే భయపడే రకం కాదు నేను. అదే సెమిస్టరులో కలన గణితంలో 90 దాటాయి. దిద్దిన పేపరు చేతికి వచ్చాక రెండు రోజులు దాని మొహం చూడలేదు. మూడో రోజు కూర్చుని మొదటి నుంచి చదివితే విషయం బోధపడింది. కూడికల్లో, గుణకారాల్లో ఒక్క తప్పూ లేదు. తప్పులన్నీ లెక్క మొదలుకాకముందే జరిగిపోయాయి. ప్రశ్న ఒకటి అడిగితే ఇంకో ప్రశ్నకు ముత్యాల్లాంటి అక్షరాలతో జవాబు రాసి వచ్చాను.

ఆ తర్వాత పదేళ్లకు పైగా ఇదే కోర్సుకు ట్యుటోరియల్ తరగతులు తీసుకుంటున్నాను, పేపర్లు దిద్దుతున్నాను. నా పాత తప్పులే వేరేవాళ్ల చేతిరాతలో ఏటా పలకరిస్తుంటాయి. అందుకే ఈ నాలుగు మాటలు.

ముందుగా కావలసిన సరంజామా తక్కువే: సమితులు, సంకలన గుర్తు, గుణశ్రేఢి మొత్తం, చిన్న చిన్న సమాకలనాలు. ప్రస్తారాలు, సంయోగాల అధ్యాయం దగ్గర మాత్రం చాలామంది నెలంతా చతికిలబడిపోతారు. అంత అక్కర్లేదు. క్రమం లెక్కలోకి వస్తుందా రాదా, తీసినదాన్ని తిరిగి పెడుతున్నామా లేదా అన్న రెండు ప్రశ్నలకు తడుముకోకుండా జవాబు చెప్పగలిగితే ముందుకు సాగిపోండి. చిక్కు లెక్కలు ఇష్టమున్నవాళ్లు సెలవుల్లో చేసుకోవచ్చు.

నోటు పుస్తకంలో ఎడమ పేజీ

ఒక నోటు పుస్తకం ఈ కోర్సుకే కేటాయించండి. కుడి పేజీ లెక్కకు, ఎడమ పేజీ మాటలకు. ఏ సమస్య చేసినా ముందు ఎడమ పేజీలో మూడు వాక్యాలు రాయాలి. ఏం చేస్తున్నాం? ఇప్పటికే తెలిసింది ఏది? అడిగింది ఏది? ఈ మూడూ రాసేదాకా కుడి పేజీలో పెన్ను పెట్టకూడదు.

చిన్నపిల్లల వ్యవహారంలా అనిపిస్తుంది కదా. ఈ రెండు ప్రశ్నలు చూడండి. రెండు పాచికలు వేశాం. మొదటి పాచికపై ఆరు పడిందని చెప్పారు. మొత్తం ఎనిమిది అయ్యే సంభావ్యత ఎంత? ఇది సులువు, రెండో పాచికపై రెండు పడాలి, జవాబు 1/6. ఇప్పుడు ఒక్క మాట మారుద్దాం. రెండింటిలో కనీసం ఒకదానిపై ఆరు పడిందని చెప్పారు. మొత్తం ఎనిమిది అయ్యే సంభావ్యత ఎంత? తరగతిలో సగం మంది మళ్లీ 1/6 అంటారు. వేలితో లెక్కపెట్టండి. కనీసం ఒక ఆరు ఉన్న జతలు 11. వాటిలో మొత్తం ఎనిమిది అయ్యేవి రెండే, రెండు–ఆరు, ఆరు–రెండు. జవాబు 2/11. పాచికలు అవే, అడిగింది అదే. తెలిసింది మాత్రం మారింది.

ఫలితాలను జాబితాగా రాయడం నామోషీ అనుకోకండి. దాలంబేర్ అంతటి గణితవేత్త 1754లో ఫ్రెంచి విజ్ఞాన సర్వస్వంలో రాస్తూ, నాణాన్ని రెండుసార్లు ఎగరేస్తే కనీసం ఒకసారి బొమ్మ పడే సంభావ్యత 2/3 అని వాదించాడు. మొదటిసారే బొమ్మ పడితే ఇక రెండోసారి ఎగరేయనక్కర్లేదు కాబట్టి ఉన్నవి మూడే దారులు, వాటిలో రెండు మనవి అన్నది ఆయన లెక్క. దారులు మూడే కావచ్చు, కానీ మూడింటి బరువు సమానం కాదు. అసలు జవాబు 3/4. ఎవరైనా మిమ్మల్ని తరగతిలో చులకనగా చూస్తే ఈ సంగతి తలచుకోండి.

‘కనీసం’ అన్న మాట ప్రశ్నలో కనబడగానే దాని కింద గీత గీయండి. కనీసం ఒకసారి అంటే, అసలు జరగకపోవడాన్ని ఒకటిలోంచి తీసివేయడమే. ఒక పాచికను నాలుగుసార్లు వేస్తే కనీసం ఒక ఆరు పడే సంభావ్యత సుమారు 0.518. రెండు పాచికలను కలిపి 24 సార్లు వేస్తే కనీసం ఒకసారి జంట ఆర్లు పడే సంభావ్యత 0.491. ఆరింటికి నాలుగు, ముప్పై ఆరింటికి ఇరవై నాలుగు, నిష్పత్తి ఒకటే కదా, జవాబులు ఎందుకు వేరు? దె మెరె అనే ఫ్రెంచి పెద్దమనిషిని తికమకపెట్టిన ప్రశ్న ఇది. 1654లో పాస్కల్ ఫెర్మాకు రాసిన ఉత్తరంలో దీని ప్రస్తావన ఉంది. మీ కాలిక్యులేటరులో రెండూ చేసి చూడండి, రెండు నిమిషాల పని.

ఇంకో మాట. పరస్పర వివర్జిత ఘటనలను స్వతంత్ర ఘటనలనుకునే పొరపాటు ఏటా కనబడుతుంది. ఒకటి జరిగితే రెండోది జరగనే జరగదంటే, వాటి మధ్య అంతకంటే గట్టి ముడి ఏముంటుంది? అవి స్వతంత్రం ఎలా అవుతాయి?

బేయస్ దగ్గర సూత్రం పక్కన పెట్టండి

ఒక జబ్బు నూటికి ఒకరికి ఉంది. జబ్బు ఉన్నవాళ్లలో 90 శాతం మందికి పరీక్ష ‘ఉంది’ అని చూపిస్తుంది. లేనివాళ్లలో కూడా 5 శాతం మందికి పొరపాటున ‘ఉంది’ అంటుంది. ఒకరికి ‘ఉంది’ అని వచ్చింది. నిజంగా జబ్బు ఉండే సంభావ్యత ఎంత?

ఇలాంటి తిరగేసే ప్రశ్నలకు వాడే బేయస్ సూత్రం గుర్తుతెచ్చుకుని అంకెలు నింపడం మొదలుపెడితే ఏది పైన, ఏది కింద అన్న దగ్గర చెయ్యి ఆగుతుంది. దాని బదులు పదివేల మందిని కాగితం మీద నిలబెట్టండి. వాళ్లలో జబ్బు ఉన్నవాళ్లు 100, లేనివాళ్లు 9,900. మొదటి గుంపులో ‘ఉంది’ అని వచ్చినవాళ్లు 90. రెండో గుంపులో 495. మొత్తం 585 మందికి ‘ఉంది’ అని వచ్చింది, వాళ్లలో నిజంగా ఉన్నది 90 మందికి. అంటే సుమారు 15 శాతం. సూత్రంలో పైన ఉండేది ఆ 90, కింద ఉండేది ఆ 585. ఇలా పది సమస్యలు చేశాక సూత్రం తనంతట తానే నోటికి వస్తుంది.

ఈ జవాబు చూసి చాలామంది ఉలిక్కిపడతారు. 90 శాతం అని చదివి 90 శాతమే జవాబు అనుకుంటారు. ఆ 90 ‘జబ్బు ఉందని తెలిస్తే పరీక్ష ఏమంటుంది’ అన్నదానికి జవాబు. అడిగింది దానికి తలకిందులు, పరీక్ష ఇలా అన్నదని తెలిస్తే జబ్బు ఉందా? ఈ తిరగేసే తప్పును ఇక్కడే చంపకపోతే కోర్సు చివర పి-విలువ దగ్గర మళ్లీ లేచి వస్తుంది.

నా పద్నాలుగు మార్కులు పోయిన చోటు

యాదృచ్ఛిక చలరాశిని, అంటే పాచికపై పడే అంకెలా యాదృచ్ఛికంగా విలువ మారే రాశిని, బీజగణితంలోని ఎక్స్ లాగా చూడటం నా పెద్ద తప్పు. ఎక్స్ ప్లస్ ఎక్స్ అంటే రెండు ఎక్స్‌లు అని ఎనిమిదో తరగతి నుంచి చేతికి అలవాటు. ఒక పాచిక విలువను రెట్టింపు చేయడం, రెండు పాచికలు వేసి విలువలు కూడటం నాకు ఒకటిగానే కనిపించాయి. సగటు రెండింటికీ ఏడే. కాబట్టి అనుమానం రాలేదు.

ఒక చిన్న పాచిక తెచ్చుకుని నిజంగానే వేసి చూడండి. రెట్టింపు చేస్తే 2, 4, 6 ఇలా సరిసంఖ్యలే వస్తాయి, 12 రావడానికి ఆరింట ఒక వంతు అవకాశం. రెండు పాచికలు కూడితే 12 రావడానికి 36లో ఒక్క వంతే, విలువలన్నీ ఏడు చుట్టూ గుమిగూడతాయి. ఒక పాచికపై ఎక్కువ పడినప్పుడు రెండోదానిపై తక్కువ పడి సర్దుకునే వీలుంది. రెట్టింపులో ఆ వీలు లేదు. ఒక పాచిక విస్తృతి (విలువలు సగటు నుంచి ఎంత చెదురుతాయో చెప్పే కొలత) 35/12. రెట్టింపు చేస్తే అది నాలుగింతలై 35/3, అంటే సుమారు 11.67 అవుతుంది. రెండు స్వతంత్ర పాచికల మొత్తానికైతే 35/6, సుమారు 5.83. ‘వంద వస్తువుల మొత్తం బరువు’ అని ప్రశ్నలో కనబడితే వంద వేర్వేరు చలరాశులు రాయండి. ఒకే చలరాశిని వందతో గుణించకండి. నేను గుణించాను.

విభాజనాల (ఏ విలువకు ఎంత సంభావ్యతో చెప్పే నమూనాల) అధ్యాయంలో సూత్రాల కంటే కథ ముఖ్యం. ప్రయత్నాల సంఖ్య ముందే తెలిసి, ప్రతిసారీ అవకాశం మారకుండా, ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా ఉంటే ద్విపద విభాజనం. తీసింది తిరిగి పెట్టకపోతే హైపర్‌జామెట్రిక్. మొదటి విజయం దాకా వేచిచూస్తే జామెట్రిక్. ఇందులో మీ అధ్యాపకుడు మొత్తం ప్రయత్నాలు లెక్కపెడతాడో, విఫలమైనవి మాత్రమే లెక్కపెడతాడో ముందే అడిగి తెలుసుకోండి, పుస్తకానికీ పుస్తకానికీ తేడా ఉంటుంది. అరుదుగా జరిగేవాటిని ఒక కాలవ్యవధిలో లెక్కపెడితే పాయిజాన్.

సర్దుబాటు కాదు, పలచబడటం

నాణెం పదిసార్లు వరుసగా బొమ్మే పడింది. ఇక బొరుసులు ఎక్కువ పడి లెక్క సరిచేస్తాయని మనసు చెబుతుంది. నాణేనికి అంత జ్ఞాపకశక్తి లేదు. ఇంకా 990 సార్లు ఎగరేస్తే వాటిలో సగటున 495 బొమ్మలు వస్తాయి. ముందు పదితో కలిపి వెయ్యికి 505, అంటే 0.505. ఆ పది బొమ్మల బాకీ ఎవరూ తీర్చలేదు. చెంబెడు నీళ్లలో చిటికెడు ఉప్పులా పలచబడిందంతే.

కేంద్ర అవధి సిద్ధాంతం (చాలా విలువల సగటు గంట ఆకారపు విభాజనానికి దగ్గరవుతుందనేది) కూడా ఇలాగే చేతులతో చేసి చూడాలి. స్ప్రెడ్‌షీట్‌లో ఒక్కో వరుసకు 30 పాచికలు వేయించి, వరుస సగటు కట్టి, అలాంటి సగటులు వెయ్యి తీసి పటం గీయండి. గంట ఆకారం కనబడుతుంది, దాన్నే నార్మల్ విభాజనం అంటారు. గుర్తుంచుకోండి, ఆ ఆకారం వచ్చింది సగటులకు. పాచిక విలువలు ఎప్పటిలా ఒకటి నుంచి ఆరు దాకా సమానంగానే ఉన్నాయి. ‘శాంపుల్ పెద్దది కాబట్టి దత్తాంశం నార్మల్ అవుతుంది’ అని రాస్తే నేను మార్కులు వేయను. సగటు చెదిరే తీరు శాంపుల్ పరిమాణపు వర్గమూలంతో తగ్గుతుంది కాబట్టి, పొరపాటు సగమవ్వాలంటే శాంపుల్ నాలుగింతలు కావాలి.

సాంఖ్యక శాస్త్రంలోకి అడుగుపెట్టాక

ఇక్కడితో దిశ మారుతుంది. ఇప్పటిదాకా నాణెం ఎలాంటిదో తెలుసు, ఏం పడుతుందని అడిగారు. ఇకమీదట ఏం పడిందో తెలుసు, నాణెం ఎలాంటిదని అడుగుతారు. ఎడమ పేజీ అలవాటు ఉన్నవాళ్లకు ఈ మలుపులో కుదుపు ఉండదు.

వందసార్లు ఎగరేస్తే 60 బొమ్మలు పడ్డాయనుకుందాం. బొమ్మ పడే నిజమైన సంభావ్యతకు 95 శాతం విశ్వాస అంతరం (దత్తాంశం నుంచి కట్టే హద్దులు) సుమారు 0.504 నుంచి 0.696. ‘నిజమైన విలువ ఈ మధ్యలో ఉండే సంభావ్యత 95 శాతం’ అని రాయకండి. నేలలో పాతిన గుంజ కదలదు, మనం విసిరే కడియమే ఒక్కోసారి ఒక్కోచోట పడుతుంది. ఇలా వందసార్లు విసిరితే దాదాపు 95 సార్లు గుంజకు పడుతుందన్నది విసిరే పద్ధతి గురించిన మాట.

ఇక పి-విలువ. నాణెం నిక్కచ్చిదే అనుకుంటే, 50 నుంచి ఇంత దూరం లేదా ఇంతకు మించి దూరం పడే సంభావ్యత అది. నాణెం నిక్కచ్చిదయ్యే సంభావ్యత కాదు. పైన జబ్బు సమస్యలో తిరగేసిన తప్పే ఇదీ. నార్మల్ ఉజ్జాయింపుతో చేస్తే మన 60 బొమ్మలకు 0.0455 వస్తుంది. ద్విపద విభాజనంతో కచ్చితంగా చేస్తే 0.0569. ఒకే దత్తాంశం, 0.05 గీతకు ఒకసారి అటు, ఒకసారి ఇటు. ఆ గీత ఆకాశం నుంచి ఊడిపడలేదు, 1925లో ఫిషర్ ‘సౌకర్యంగా ఉంటుంది’ అని ఎంచుకున్నది. గీత దాటనప్పుడు ‘శూన్య పరికల్పన (ఇక్కడ, నాణెం నిక్కచ్చిదే అన్న ఊహ) నిజం’ అని కాకుండా ‘తిరస్కరించడానికి ఆధారం చాలలేదు’ అని రాయండి.

చిన్న శాంపుల్‌కు నార్మల్ బదులు టి-విభాజనం (తోకలు కాస్త మందంగా ఉండే గంట) ఎందుకంటే, క్రమ విచలనం (విస్తృతికి వర్గమూలం) కూడా ఆ కొద్ది దత్తాంశం నుంచే అంచనా వేస్తున్నాం కాబట్టి. 1908లో గిన్నిస్ మద్యం కర్మాగారంలో పనిచేసే గాసెట్ దీన్ని ‘స్టూడెంట్’ అన్న మారుపేరుతో ప్రచురించాడు.

పరీక్షకు ముందు రోజు కొత్త సమస్యలు ముట్టుకోకండి. ఎడమ పేజీలు మాత్రం చదివి, కుడి పేజీ మూసి, జవాబు సుమారు ఎంత ఉండాలో నోటితో చెప్పి చూడండి. తర్వాత కాలిక్యులేటరులో క్రమ విచలనానికి రెండు మీటలు ఉన్నాయేమో చూసి, శాంపుల్ సంఖ్యలో ఒకటి తగ్గించి భాగించేది ఏదో తేల్చుకోండి. 1, 2, 3 వేసి నొక్కితే సరిగ్గా 1 వచ్చేదే అది. చివరగా, పరీక్షలో ఇచ్చే నార్మల్ పట్టిక తెరిచి 1.96 దగ్గర వేలు పెట్టండి. 0.9750 ఉంటే పట్టిక ఎడమ చివర నుంచి లెక్కపెట్టింది, 0.4750 ఉంటే మధ్య నుంచి. మొదటిసారి నా దగ్గర ఉన్నది రెండో రకం పట్టిక. ఆ సంగతి పేపరు దిద్ది ఇచ్చాక తెలిసింది.